క్రానిక్ మైగ్రేన్ చికిత్సకు డబ్బు సాయం ఎవరిని, ఎలా అడగాలి? ఇన్సూరెన్స్ వాళ్లు కాదన్నారు

చీకటిగది
నెలలో ఇరవై రోజులు తలనొప్పి. అందులో పన్నెండు, పదమూడు రోజులు మంచం దిగలేను. ఆరేళ్లుగా ఇదే వరస. పోయిన నెల న్యూరాలజిస్ట్ దీన్ని క్రానిక్ మైగ్రేన్ అని తేల్చారు. బోటాక్స్ గానీ, నెలకోసారి వేసుకునే సీజీఆర్‌పీ ఇంజెక్షన్ (మైగ్రేన్‌లో పాత్ర ఉన్న ఒక ప్రొటీన్‌ని అడ్డుకునే మందు) గానీ మొదలుపెడదామన్నారు. ఖర్చు విన్నాక ఇంకో తలనొప్పి పట్టుకుంది.

ఇన్సూరెన్స్‌కి పంపిస్తే పది రోజులకు రెండు లైన్ల జవాబు. "వైద్యపరంగా అవసరమని నిర్ధారణ కాలేదు." దాచుకున్న డబ్బంతా స్కాన్లకీ టెస్టులకీ అయిపోయింది. సెలవులు దాటిపోయి జీతంలో కోత పడుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనేమో.

సిగ్గు చంపుకుని ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెట్టాను. మూడు వారాల్లో పదకొండు మంది ఇచ్చారు, అందరూ ఆఫీసు వాళ్లే. ఒక దూరపు బంధువు మాత్రం అందరికీ కనబడేలా కింద రాశాడు: "తలనొప్పికి కూడా చందాలా?" ఆ రాత్రే పేజీ తీసేశాను.

ఇప్పుడు ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి. స్క్రీన్ ఎక్కువసేపు చూడలేను, జవాబులు ఆలస్యం అవుతాయి.

సగంతల
ఆ బంధువు నంబర్ ఇవ్వండి. నా తల ఒక్క రోజు అద్దెకిస్తాను, అడ్వాన్స్ కూడా వద్దు.

వాన_వాసన
పేజీ ఎందుకు తీసేశారండీ! పదకొండు మంది ఇచ్చారంటే పదకొండు మంది నమ్మారనే కదా. అతనొక్కడి మాటకేనా?

బిల్లులబాబు
ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మేడమ్, "వైద్యపరంగా అవసరమని నిర్ధారణ కాలేదు" అంటే మీకు జబ్బు లేదని కాదు. మీరు పంపిన కాగితాల్లో జబ్బు కనబడలేదని. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఎవరినైనా చేయి చాచి అడిగే ముందు దీని సంగతి తేల్చుకోండి.

ముందుగా, ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. అప్పీల్‌కి గడువు ఎన్నాళ్లో కూడా అందులోనే ఉంటుంది, అది దాటితే మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత మీ డాక్టర్ రాసిన చీటీ తీసి చూడండి. క్రానిక్ మైగ్రేన్‌కి ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది: నెలకు 15 లేదా అంతకన్నా ఎక్కువ రోజులు తలనొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో, ఇలా మూడు నెలలకు పైగా. ఈ అంకెలు మీ చీటీలో ఉన్నాయా? నా టేబుల్ మీదికి వచ్చే వాటిలో సగానికి పైగా "తీవ్రమైన తలనొప్పి" అని రాసి ఊరుకుంటారు. అవతల కూర్చుని చూసే ఆయనకి తీవ్రం అంటే ఏమర్థమవుతుంది?

లెక్కలమాస్టారు
బిల్లులబాబు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మిడాస్ అని ఐదు ప్రశ్నల ఫారం ఉంది. గత మూడు నెలల్లో ఎన్ని రోజులు ఉద్యోగానికి పోలేదు, ఎన్ని రోజులు పోయినా సగం పనే చేశారు, ఇంటి పని ఎన్ని రోజులు ఆగింది, ఇలా. అన్నీ కూడితే 21 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే తీవ్రమైన వైకల్యం కింద లెక్క. నాకు 67 వచ్చింది. జన్మలో ఏ పరీక్షలోనూ రాని మార్కులు.

నవ్వులాటకి అన్నా, ఆ కాగితం డాక్టర్ ఫైల్లో పెట్టించాకే మా కంపెనీ హెచ్‌ఆర్ నాకు ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఒప్పుకుంది. అంతకుముందు ఆరు నెలలు నోటితో ఎంత చెప్పినా "మాకూ తలనొప్పులు వస్తాయండీ" అనేవాళ్లు.

అనుమానం_పక్షి
అందరికీ కోపం వస్తుందేమో గానీ ఒకటి అడుగుతాను. ఒకేసారి బోటాక్స్, కొత్త ఇంజెక్షన్లు ఎందుకు? పాత మాత్రలు చవకే కదా. అవన్నీ అయ్యాయా? చందా ఇచ్చేవాడికీ ఇన్సూరెన్స్ వాడికీ ముందు వచ్చే ప్రశ్న అదే. మీ బంధువు అన్న తీరు బాగాలేదు, ఒప్పుకుంటాను. ప్రశ్న మాత్రం పూర్తిగా తప్పు కాదు.

సగంతల
పక్షిగారికి తలనొప్పి లేదని అర్థమైంది.

అనుమానం_పక్షి
మా ఆవిడకి పద్నాలుగేళ్లుగా ఉంది. ఆమె రోజుకో అమిట్రిప్టిలిన్ మాత్రతో నెట్టుకొస్తోంది, నెలకు నాలుగైదు రోజులకు దిగింది. అందుకే అడిగాను.

చీకటిగది
తప్పేం లేదండీ, అడగాల్సిందే. అమిట్రిప్టిలిన్ నాలుగు నెలలు వాడాను. పొద్దున పదకొండింటి దాకా మత్తు, పైగా బరువు పెరిగాను, నొప్పి తగ్గింది లేదు. ప్రొప్రనొలాల్ వద్దన్నారు, నాకు ఆస్తమా ఉంది. టోపిరమేట్ ఇచ్చారు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి, మాట్లాడుతుంటే మాట గుర్తురాక ఆగిపోయేదాన్ని. పది రోజులకే మానేశాను.

బిల్లులబాబు
మేడమ్, మీ కేసంతా ఇక్కడే ఉంది. ఇవన్నీ మీకు గుర్తున్నాయి, ఫైల్లో లేవు. అవునా?

మందు పేరు, డోసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు ఆపారు. ఈ నాలుగు ముక్కలూ ప్రతి మందుకీ డాక్టర్ చేత రాయించండి. ఆస్తమా వల్ల ప్రొప్రనొలాల్ ఇవ్వలేదన్నది కూడా రాయించాలి, ఇవ్వకూడని మందు కూడా చాలాచోట్ల పనిచేయని మందుతో సమానంగానే చూస్తారు. మామూలుగా రెండు నివారణ మందులైనా వాడి చూశారా, ఒక్కోటీ సరైన డోసులో ఓ ఎనిమిది వారాలైనా వాడారా అని చూస్తారు. పది రోజుల టోపిరమేట్‌ని మాత్రం పట్టుకుంటారు.

కళ్లజోడు
మందుల షాపు నడిపినదాన్ని, పట్టుకోవాల్సిందే అంటాను. టోపిరమేట్‌ని ఒకేసారి పెంచితే చాలామందికి తిమ్మిర్లే. 25 మిల్లీగ్రాములతో మొదలెట్టి వారానికి 25 చొప్పున పెంచుతూ 100 దాకా తీసుకెళ్తారు. మీకెలా ఇచ్చారో చీటీ చూసుకోండి. కిడ్నీలో రాళ్లున్నా, గర్భం అనుకుంటున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి, గర్భంలో అది బిడ్డకి మంచిది కాదు. మైగ్రేన్‌కి ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రొయేట్ అయితే మరీనూ.

ఖర్చు సంగతికొస్తే, బ్రాండ్ పేరు కాకుండా మందు పేరు రాయమనండి. ఈ పాత నివారణ మందులన్నీ జనరిక్‌లో దొరుకుతాయి, నొప్పి వచ్చినప్పుడు వేసుకునే సుమాట్రిప్టాన్ కూడా. డాక్టర్‌తో "నా చేతిలో ఇంతే ఉంది" అని నోరు తెరిచి చెప్పినవాళ్లకి చీటీ మారడం నేను కౌంటర్ వెనక నుంచి చాలాసార్లు చూశాను. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

పాతకాపు
చీకటిగది అమ్మాయ్, నొప్పి మాత్రలు నెలకు ఎన్ని రోజులు వేసుకుంటున్నావు? మాత్రలు కాదు, రోజులు లెక్కపెట్టి చెప్పు.

చీకటిగది
లెక్కపెట్టలేదండీ. నొప్పి వచ్చినప్పుడల్లా.

పాతకాపు
అదే అనుకున్నా. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపి ఉండే మాత్రలు గానీ 10 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ, మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రలే తలనొప్పి తేవచ్చు. నాకు రెండేళ్లు అలా పోయాయి. అప్పు చేసి స్కాన్లు తీయించుకుంటూ, జేబులో మాత్ర వేసుకుంటూ. డాక్టర్ చూపు దాని మీద పడ్డాక, ఆపించిన మొదటి రెండు వారాలు నరకం, తర్వాత నెలకు ఇరవై నాలుగు రోజుల నుంచి పదకొండుకి వచ్చింది. దానికి పైసా ఖర్చు కాలేదు.

సగంతల
డబ్బు సాయం అడిగిన మనిషికి మాత్రలు మానెయ్యమని సలహా. బాగుంది పెద్దాయనా.

పాతకాపు
సొంతంగా మానెయ్యమనలేదే. కొన్ని ఒక్కసారిగా ఆపకూడదు కూడా, డాక్టర్ చెప్పినట్టు ఆపాలి. డబ్బు అడిగే ముందు ఎంత అడగాలో తెలియొద్దా?

నిద్రలేని_రాణి
నా కథ కొంచెం పెద్దది, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

నాకూ రెండుసార్లు కాదన్నారు. రెండోసారి ఏడ్చి ఫైల్ అటకెక్కించాను. మా క్లినిక్‌లో ఒక నర్సు ఉంది, ఆమె అంది: "ఆ తిరస్కరణ లేఖ పారేశావా? అది ఉంటేనే పని జరుగుతుంది." ఇంజెక్షన్ తయారు చేసే కంపెనీలకు చాలా దేశాల్లో రోగులకు సాయం చేసే పథకాలుంటాయి. ఆదాయం రుజువు, డాక్టర్ సంతకం, ఇన్సూరెన్స్ కాదన్నట్టు కాగితం అడిగారు. అంటే నన్ను ఏడిపించిన కాగితమే లోపలికి వెళ్లడానికి టికెట్ అయింది. నాకు ఏడాది పాటు మందు ఉచితంగా వచ్చింది.

రెండు జాగ్రత్తలు. ఈ పథకాల్లో కొన్ని మొదటి ఒకటి రెండు డోసులకే పరిమితం. తర్వాత ఏంటని ముందే అడగండి, మొదలెట్టి మధ్యలో ఆపేయడం అన్నిటికన్నా బాధ. ఇక ఫారం నింపడానికి ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం, తలుపు మూసేయండి.

బోటాక్స్ గురించి అడిగారు కాబట్టి: నేను ఆ ఇంజెక్షన్‌కి ముందు అదే చేయించుకున్నాను. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాల దాకా 31 చోట్ల గుచ్చుతారు, మొత్తం 155 యూనిట్లు, 12 వారాలకోసారి. అమెరికాలో దీనికి 2010లో అనుమతి వచ్చింది, కొత్త ప్రయోగమేమీ కాదు. సూది సన్నగానే ఉంటుంది గానీ కనుబొమల దగ్గర నీళ్లు తిరుగుతాయి. మొదటిసారి ఏమీ తేడా లేదు. రెండోసారీ అంతంతే. మూడోసారికి 22 రోజులు కాస్తా 13కి దిగాయి. అందుకే సాయం అడిగేటప్పుడు ఒక్క డోసుకి అడగొద్దు, కనీసం రెండు మూడు సార్లకి లెక్క వేసి అడగండి. ఒక్కసారికి సరిపడా కూడబెట్టి, ఫలితం లేదని మానేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

లెక్కలమాస్టారు
ఈ 155 దగ్గర ఒక తిరకాసు ఉంది. నాకు బిల్లులో 200 యూనిట్లు అని వచ్చింది. మోసం అనుకుని గొడవకి దిగాను. తీరా చూస్తే సీసా 200ది, తెరిచాక మిగిలింది ఇంకొకరికి వాడకూడదు, పారేయాల్సిందే. డాక్టర్‌ని అడిగితే, నొప్పి ఎక్కువున్న చోట్ల అదనంగా వేస్తూ 195 దాకా వెళ్లొచ్చు అన్నారు. నా డబ్బు చెత్తబుట్టలో పడే బదులు నా మెడలోనే పడింది.

మూడో_షిఫ్ట్
క్లినికల్ ట్రయల్ గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఒకదాంట్లో ఉన్నాను. మందు, పరీక్షలు, డాక్టర్ అంతా ఉచితం. మొదటి మూడు నెలలు అసలు మందు ఇచ్చారో ఉత్త ద్రావణం ఇచ్చారో తెలియదు. ఆ మూడు నెలలూ నాకు ఒక్క రోజు కూడా తగ్గలేదు, కాబట్టి నాకొచ్చింది ఏదో ఊహించుకోండి. తర్వాత అందరికీ అసలుది ఇచ్చారు, అప్పుడు బాగుంది. ట్రయల్ అయిపోగానే మందూ అయిపోయింది.

సగంతల
అంటే రుచి చూపించి కంచం లాగేసుకున్నారన్నమాట.

మూడో_షిఫ్ట్
అంతే. కానీ ఆ డైరీలు, రిపోర్టులు చూపించి తర్వాత ఇన్సూరెన్స్‌లో అదే మందు సంపాదించాను. మీదగ్గర డబ్బు అడిగే ట్రయల్ ఏదైనా ఉంటే అది ట్రయల్ కాదు.

వాన_వాసన
విరాళాల సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు ప్రశ్న అది కూడా. మా తమ్ముడి కోసం నేను రాశాను, జబ్బు వేరే. మొదటి పేజీలో "ఆదుకోండి, చాలా బాధలో ఉన్నాం" అని రాశాం, పెద్దగా రాలేదు. రెండోసారి మార్చాం: ఏ చికిత్స, ఎన్నిసార్లు, ఎన్ని నెలలకు, మొత్తం ఎంత, అందులో మేం ఎంత పెట్టుకుంటున్నాం, ఎంత తక్కువ పడింది, పని చేయకపోతే ఎప్పుడు ఆపేస్తాం. ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం జతచేశాం. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకి వెళ్లేలా పెట్టాం. మనుషులు జాలి కన్నా లెక్కని ఎక్కువ నమ్ముతారు.

గుర్తింపు నంబర్లు, ఇంటి చిరునామా కనబడే రిపోర్టులు మాత్రం పెట్టకండి.

సగంతల
నేనైతే పెట్టలేను అక్కా. నిజం చెప్తున్నా. నొప్పి పళ్లబిగువున భరిస్తాను గానీ, నా ఫోటో పెట్టి నా తలనొప్పి గురించి నలుగురికీ రాయలేను. అందరూ "అడగనిదే అమ్మయినా పెట్టదు" అంటారు. అమ్మని అడగడం వేరు, ఆఫీసులో పక్క సీటు వాడిని అడగడం వేరు. ఇచ్చిన మర్నాడు నేను నవ్వుతూ కనబడితే వాడి కళ్లలో లెక్క మొదలవుతుంది.

నిద్రలేని_రాణి
సగంతల ఇన్ని పోస్టుల్లో మొదటిసారి సీరియస్‌గా మాట్లాడాడు, ఒప్పుకుంటాను. కాలు విరిగితే కట్టు కనబడుతుంది. మనకి బాగున్న రోజు ఉంటుంది చూడండి, అదే మనకి శత్రువు.

లెక్కలమాస్టారు
ఆ బంధువు కోసం: ప్రపంచ రోగభారం (గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్) 2019 అధ్యయనం లెక్కల్లో వైకల్యం తెచ్చే జబ్బుల్లో మైగ్రేన్ రెండో స్థానం. యువతుల్లో అయితే మొదటిది. సీజీఆర్‌పీ పరిశోధనకి దారి వేసిన నలుగురికి (ఎడ్విన్సన్, గోడ్స్‌బీ, మాస్కోవిట్జ్, ఓలెసెన్) 2021లో మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. తలనొప్పికి చందాలే కాదు, బహుమతులు కూడా ఉన్నాయని చెప్పండి.

అనుమానం_పక్షి
ఇది బాగుంది. మా ఆవిడకి చదివి వినిపించాను, నవ్వింది. నేను ఇంకొకటి అడగాలి. స్కాన్లకే దాచుకున్నదంతా అయిపోయిందన్నారు. ఎన్ని తీశారు?

చీకటిగది
ఎమ్మారై మూడుసార్లు. డాక్టర్ మారినప్పుడల్లా ఒకటి. అన్నీ నార్మల్.

కళ్లజోడు
ఏళ్ల తరబడి ఒకే తీరున వచ్చే మైగ్రేన్‌కి, నరాల పరీక్ష మామూలుగా ఉంటే, స్కాన్ అవసరం పడటం తక్కువ. పాత ఫిల్మ్ వెంట తీసుకెళ్లి "ఇది చాలదా?" అని అడగొచ్చు. అయితే ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, మాట తడబడటం, ఒక పక్క బలహీనత, జ్వరంతో మెడ బిగుసుకోవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి: వీటి దగ్గర మాత్రం పొదుపు చూడకండి. అప్పుడు పరుగెత్తాలి.

బిల్లులబాబు
ఒకటి మర్చిపోయాను. 2024లో అమెరికన్ హెడేక్ సొసైటీ, సీజీఆర్‌పీ మందుల్ని మొదటి వరస చికిత్సగానే వాడొచ్చు, ముందు పాతవన్నీ విఫలం కానక్కర్లేదు అని ప్రకటించింది. అప్పీల్‌కి జతచేయమని మీ డాక్టర్‌కి చెప్పండి. దానికి లొంగుతారని హామీ ఇవ్వలేను, చాలా పాలసీలు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయి. కానీ రెండోసారి ఫైల్ చూసేది డాక్టరే అయితే పనికొస్తుంది. అప్పీల్‌ని న్యూరాలజీ తెలిసిన డాక్టర్ చూడాలని లేఖలోనే అడగండి.

ఆసుపత్రిలో రోగులకు సాయపడే సోషల్ వర్కర్ ఉంటే కలవండి. వాయిదాలు, రాయితీ నిధులు, ట్రస్టులు వాళ్లకి తెలుసు. క్యాష్ కౌంటర్‌లో అడిగితే లేవనే చెప్తారు.

చీకటిగది
రెండు వారాల తర్వాత వచ్చాను. అందరివీ కొంచెం కొంచెంగా చదివాను.

పాతకాపు గారి ప్రశ్న రాత్రి నిద్రపట్టనివ్వలేదు. ఖాళీ స్ట్రిప్పులు వెతికాను. హ్యాండ్‌బ్యాగ్‌లో రెండు, దిండు గలీబులో ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి, అన్నీ ఆ ఒక్క నెలవే. ఐదోది సగం అయింది. స్ట్రిప్పుకి పది మాత్రలు, రోజుకి రెండేసి వేసుకుంటాను కాబట్టి ఇరవై రెండు రోజులు. టేబుల్ మీద వరసగా పేర్చి చూస్తే నాకే భయం వేసింది. ఫోటో తీసి డాక్టర్‌కి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, "ఇది నేను అడగాల్సింది" అన్నారు. మాత్రలు ఆపించారు. మొదటి తొమ్మిది రోజులు ఎలా గడిచాయో రాయను.

ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి రాతలో కారణం వచ్చింది. బిల్లులబాబు గారూ, అచ్చం మీరన్నదే. తలనొప్పి రోజుల సంఖ్య లేదు, వాడిన మందుల వివరాలు లేవు. కొత్త చీటీలో అన్నీ రాయించాను, ఆస్తమా సంగతితో సహా. టోపిరమేట్ మళ్లీ 25 నుంచి మెల్లగా మొదలుపెట్టాం, ఈసారి తిమ్మిరి తక్కువే. మిడాస్‌లో నాకు 81. మాస్టారూ, మీ రికార్డు పోయింది.

లెక్కలమాస్టారు
ఒప్పుకోను. రీవాల్యుయేషన్‌కి పెడతాను.

వాన_వాసన
మరి విరాళాల పేజీ?

చీకటిగది
ఇంకా పెట్టలేదు. అప్పీల్‌లో తేలాక ఎంత తక్కువ పడుతుందో అంతే అడుగుతాను, మీరు రాసిన పద్ధతిలో. ఆ పదకొండు మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టి, వాళ్లిచ్చింది ఆసుపత్రిలో ఏ బిల్లుకి కట్టానో చెప్పాను. అందులో ఒకామె ఫోన్ చేసి, తనకీ మైగ్రేనేనని, ఎనిమిదేళ్లుగా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదని అంది. పక్క సీటే.

సగంతల
సరే. నేను ఓడిపోయాను.

పాతకాపు
నెలకు ఎన్ని రోజులకు దిగింది ఇప్పుడు?

చీకటిగది
ఇంకా నెల కాలేదండీ. ఈ పద్నాలుగు రోజుల్లో పదకొండు. ఆఖరి నాలుగు రోజుల్లో ఒకటే.

బిల్లులబాబు
అప్పీల్ పంపాక రసీదు నంబర్ రాసుకున్నారా?

చీకటిగది
డైరీ అట్ట వెనకాల రాశాను.

బిల్లులబాబు
ఫోటో కూడా తీసి పెట్టుకోండి.